టిక్కెట్ల లెక్క - ప్రేక్షకుల తీర్పు

ఒక చిత్రమును గుఱించి పదిమంది పదివిధములుగా మాటలాడుట దోషము కాదు. పదిమందియు నొక్క మాటనే పలుకవలెనని పట్టుబట్టుట దోషము. జపాను దేశపు బొమ్మల చలనచిత్రములను గుఱించి మన యువజనులలో సాగుచున్న వాదములను వినిన మాకు ఈ మాట చెప్పవలసిన యవసరము తోచినది. 2025 సెప్టెంబరు 12వ తేదీన 'డీమన్ స్లేయర్' కథాపరంపరలోని 'ఇన్ఫినిటీ కాసిల్' అను చిత్రము మన దేశమున జపాను, ఇంగ్లీషు, హిందీ, తమిళ భాషలతో పాటు తెలుగునందును విడుదల యయ్యెను. చూచి వచ్చినవారిలో కొందఱు కన్నీరు పెట్టుకొంటిమనిరి. కొందఱు కథ నడిమిలో తెగినదని విసిగికొనిరి. మఱికొందఱు విసిగినవారిపై విరుచుకుపడిరి. ఈ మూడవ తెగవారిని గుఱించియే మాకు విచారము.

బాలుర వినోదమునకు సంపాదకీయమేల యని పెద్దలు నవ్వవచ్చును. నవ్వనిండు. మన యింటి బిడ్డలు రాత్రింబవళ్లు చూచునదియు, శౌర్యమనగా నేమో, త్యాగమనగా నేమో వారికి నేర్పుచున్నదియు నైన వస్తువు పత్రిక విచారింపదగినదే. విచారణకు మేము పరంపరలోని మొదటి చిత్రమును గైకొందుము. దానిపై వచ్చిన మెప్పును, ఆక్షేపణయు నేటికి నిలుకడకు వచ్చినవి గనుక తూచి చూచుట సుకరము.

విషయమెఱుగని పాఠకుల కొఱకు పూర్వకథ కొంత చెప్పవలెను. గొతొగె కొయొహారు అను కలము పేరుగల చిత్రకథాకర్త 2016 ఫిబ్రవరి మొదలు 2020 మే వఱకు 'షోనెన్ జంప్' అను వారపత్రికలో 'కిమెత్సు నో యాయిబా' అను బొమ్మల కథను ప్రకటించిరి. అది 23 సంపుటములుగా వెలసినది. దానికే ఇంగ్లీషున 'డీమన్ స్లేయర్' అని పేరు. యుఫోటేబుల్ అను చిత్రశాలవారు సొతొజాకి హరువో దర్శకత్వమున దానిని 2019 ఏప్రిలు నుండి సెప్టెంబరు వఱకు 26 భాగములుగా టెలివిజనునందు ప్రదర్శించిరి. ఆ కడపటి భాగము ముగిసిన చోటనే 2020 అక్టోబరు 16న విడుదలయిన 'ముగెన్ రెష్షా', అనగా 'అంతులేని రైలుబండి', మొదలగును.

కథ జరిగిన కాలము తైషో యుగము; 1912 నుండి 1926 వఱకు. కొండపై బొగ్గు కాల్చి యమ్ముకొని బ్రతుకు కుటుంబములోని తంజిరో యను బాలుని తల్లిని, తోబుట్టువులను రాక్షసుడు చంపెను. మిగిలిన చెల్లెలు నెజుకో రాక్షసి యయ్యెను. అయినను మనుష్యమాంసము ముట్టక అన్న నంటిపెట్టుకొని యుండెను. ఎండ తగులకుండ ఆమెను కొయ్యపెట్టెలో నుంచి వీపున మోయుచు, ఆమెను మరల మనిషిని చేయు మార్గమును వెదకుచు, అతడు రాక్షససంహారకుల దళమున చేరును. చిత్రమున నతడును మిత్రులు జెనిత్సు, ఇనొసుకెలును, అగ్నివిద్యలో నారితేరిన రెంగొకు క్యోజురో యను వీరునితో కలిసి రైలుబండిలో పయనింతురు. ఎన్ము అను రాక్షసుడు ప్రయాణికులకు కమ్మని కలలు కల్పించి, ఆ నిద్రలో ప్రాణములు హరింపజూచును. తంజిరో కలలో చనిపోయిన తల్లియు, తమ్ములును, చెల్లెండ్రును బ్రతికియుందురు. అది కలయని తెలిసికొని, వారిని విడిచి, కలలోనే తన మెడను తాను నఱకుకొని అతడు మేల్కొనును. ఎన్ము కూలిన పిదప అకజా యను మఱింత బలవంతుడగు రాక్షసుడు వచ్చును. రెంగొకు తెల్లవాఱు వఱకు వానితో పోరి ప్రాణములు విడుచును. బండిలోని 200 మంది ప్రయాణికులలో నొక్కరును మరణింపలేదు.

ఈ చిత్రము తెచ్చిన ధనమును గుఱించి వినని వారరుదు. మహమ్మారి దినములలో అమెరికా చిత్రములు వాయిదా పడుటచే జపాను ప్రదర్శనశాలలకు కొత్త చిత్రములు కఱవైనవి. వారు పెక్కు తెఱలను ఈ యొక్క చిత్రమునకే విడిచిరి. పది దినములలో 1,000 కోట్ల యెన్లు వచ్చినవి. మియజాకి హయావో 2001లో తీసిన 'సెన్ తో చిహిరో' చిత్రము దాదాపు రెండు దశాబ్దములు నిలుపుకొన్న ప్రథమస్థానమును ఇది 2020 డిసెంబరులోనే గైకొన్నది. తుదకు ఒక్క జపానులోనే వసూలు 4,000 కోట్ల యెన్లు దాటినది. 2020 నవంబరులో ప్రధానమంత్రి సుగా యొషిహిదె పార్లమెంటున ప్రశ్నలకు బదులిచ్చుచు, ఈ కథలోని వీరుల శ్వాసవిద్య పేరు చెప్పి, తానును అట్టి యేకాగ్రతతోనే సమాధానమిత్తుననెను.

ఈ లెక్కలు ఎంతమంది చూచిరో చెప్పును. చూచి యేమి పొందిరో చెప్పవు. ఒక సంగతిని రుజువు చేయుటకు ఇంతమంది సాక్షులుండవలెనను నియమము 1872 నాటి మన సాక్ష్యచట్టమున లేదు. దాని స్థానమున 2024 జూలైలో అమలునకు వచ్చిన కొత్త చట్టమునను లేదు. సాక్షుల తల లెక్కింపరు. సాక్ష్యము బరువు చూతురు. చిత్రము విషయమునను న్యాయము వేఱు కాదు. టిక్కెట్టు కొన్న ప్రతివాడును సాక్షియే గాని, వాడిచ్చిన రొక్కము సాక్ష్యము కాదు. వాడు కారణముతో చెప్పిన మాటయే సాక్ష్యము.

మెచ్చినవారి సాక్ష్యమును ముందు వినుదము. వారిలో పలువురు చెప్పునది రెంగొకు మరణమును గుఱించి. బలముతో పుట్టినవాడు ఆ బలమును దుర్బలుల రక్షణకే వినియోగింపవలెనని తల్లి చిన్ననాట చెప్పిన మాటను అతడు కడపటి శ్వాస వఱకు నిలుపుకొనును. నీవును రాక్షసుడవైన చావుండదని అకజా ఆశ చూపినను, ముసలితనమును, మరణమును గల మానవజన్మయే మేలని త్రోసిపుచ్చును. రెండవది తంజిరో కల. కోరిన సుఖమంతయు కన్నుల యెదుట నుండగా దానిని విడిచి, కష్టము గల మెలకువకు మరలివచ్చుట పెద్దవారికిని కన్నీరు తెప్పించినది. ఈ సాక్ష్యము బరువైనది. సేవాదళములలో పని చేసిన వారెవరైనను ఆ తల్లి మాట విని కదలకుండ నుండలేరు. మేమును కదలితిమి.

ఇక ఆక్షేపించినవారిని పిలువవలెను. వారి మొదటి ఫిర్యాదు, ఇది పూర్ణమైన చిత్రము కాదనుట. టెలివిజను భాగములు చూడక శాలకు వచ్చినవానికి ఆ పిల్ల పెట్టెలో నేల యున్నదో, పంది తలను ముసుగుగా తొడిగికొన్న కుఱ్ఱవాడెవ్వడో తెలియదు. చిత్రము చెప్పదు. ముగింపునను తంజిరో ప్రయాణము ముగియదు. రూపాయి తీసికొని నడిమి పుటలు మాత్రము చేతికిచ్చినట్లున్నదని వారి మాట.

ఈ ఫిర్యాదును త్రోసివేయుటకు మన దేశపు రివాజు ఒకటి యడ్డు నిలుచును. మన పల్లెలలో 'పాండవోద్యోగ విజయములు' నాటకములోని రాయబారమునే రాత్రియంతయు ఆడించుకొని, మాయాజూదము మొదలు చూపలేదని ఎవ్వరును ధనము తిరిగి యడుగలేదు. వీథిభాగవతులు ఒక ఘట్టమునే ఆడుదురు. హరిదాసు ఒక కథనే చెప్పును. కథ సాంతముగ నెఱిగిన సంఘమునకు దానిలో నొక ముక్క చాలును. జపాను బాలురకు తంజిరో కథ అట్లే యింటింట తెలిసినదైనది. కావున నడిమి ఘట్టమును చిత్రముగా తీయుట స్వతః తప్పు కాదు.

కాని యిక్కడ నొక భేదము గలదు. హరిదాసు కథకు దిగకముందు పూర్వకథను నాలుగు మాటలలో చెప్పి, క్రొత్తగా వచ్చి కూర్చున్నవానికిని దారి చూపును. ఆ మర్యాద ఈ చిత్రమున లేదు. అది పెద్ద శ్రమయు కాదు. నిర్మాతలే 2021 అక్టోబరులో ఇదే చిత్రమును 7 భాగములుగా విడదీసి టెలివిజనునందు చూపినపుడు, మొదటి భాగమును క్రొత్తగా తీసి, రెంగొకు రైలెక్కుటకు ముందు జరిగిన కథను చేర్చిరి. చేయవలెనన్న చేయగలరని దీనివలననే తేలుచున్నది గదా.

2023లో వచ్చినది ఇంతకంటె గట్టి ఫిర్యాదు. ఆ ఫిబ్రవరి మొదలు 'ఖడ్గకారుల గ్రామమునకు' అను పేర ప్రపంచమంతట శాలలలో చూపినది, అంతకుముందే టెలివిజనున వచ్చిన రెండు భాగములును, రాబోవు ధారావాహికలోని మొదటి భాగమును మాత్రమే. పెద్ద తెఱపై పెద్ద ధ్వనితో చూచుట తమకు పండుగయని కొందఱనిరి. చూచినదానికే మరల వెల చెల్లించితిమని కొందఱు వగచిరి. ఇరువురును నిజమే చెప్పిరి. తేడా యెక్కడననగా, మొదటివాడు తెలిసి కొన్నాడు, రెండవవాడు తెలియక కొన్నాడు. అమ్మువాడు సరకు గుణమును దాచక చెప్పవలెనని వర్తకధర్మము. పాతబట్టను పాతదని చెప్పి యమ్మినవానిపై దావా లేదు, చెప్పకున్ననే చిక్కు. చలనచిత్ర వ్యాపారులకును ఈ ధర్మము వర్తింపవలెనని మా యభిప్రాయము.

రెండవ ఆక్షేపణ కళకు సంబంధించినది. రైలుబండి మాంసపు ముద్దయై ప్రయాణికులను చుట్టుకొను ఘట్టమున కంప్యూటరుతో కల్పించిన బొమ్మలు చేతి గీతలతో అతుకలేదని కొందఱు చూపిరి. తెఱపై కనబడుచున్నదానినే తంజిరో మరల నోటితో వివరించుచుండుట విసుగు పుట్టించినదని కొందఱనిరి. ఎన్ముతో ముగియవలసిన కథకు అకజా వెనుకనుండి తగిలించిన తోక వలె నున్నదని మఱికొందఱి వాదము. మొదటి రెండింటిని మేమంగీకరింతుము. మూడవదానిని అంగీకరింపము. ప్రయాణికులందఱును బ్రతికిరని ఊపిరి పీల్చుకొన్న క్షణముననే, ఏ సూచనయు లేక మృత్యువు వచ్చి నిలుచుట లోకమున లేనిది కాదు; రెంగొకు గొప్పతనము తెలియుటకు ఆ యాకస్మికతయే కారణము. అయినను, మాతో విభేదించువాడు కన్నులు లేనివాడని మేమనము.

మూడవ విషయము సున్నితమైనది. తంజిరో చెవిపోగులపై గీసిన సూర్యబింబమును, దాని కిరణములును పూర్వపు జపాను సైన్యపు ధ్వజమును తలపించుచున్నవని కొరియా ప్రేక్షకులు ఆక్షేపించిరి. కొరియాలో చూపిన ప్రతులలో ఆ గుర్తును అడ్డగీతలుగా మార్చిరి. చెవిపోగులపై గీతలకింత రభసయేల యని పరిహసించినవారును గలరు. పరిహాసము సులభము, కాని 1910 నుండి 1945 వఱకు ఆ ధ్వజము క్రింద నలిగిన జాతికి అది గీత కాదు, గాయము. తంజిరో సంచరించు తైషో యుగము సంపూర్ణముగా ఆ యేండ్లలోనిదే. 1905లో రష్యాపై జపాను గెలుపును విని మన పెద్దలు ఆసియాకు మేలుకొలుపు వచ్చెనని పొంగిపోయిరి. అయిదేండ్లు తిరుగకముందే ఆ జపానే కొరియాను మ్రింగినది. పరపాలన యెట్టిదో యెఱిగిన మనము కొరియా ప్రేక్షకుని మాటను తేలికగా తీసికొనరాదు.

కథలో నా చెవిపోగులు తండ్రినుండి కొడుకునకు వచ్చిన వంశసొత్తు. వానిలో సైన్యముల ప్రసక్తి లేదు. కథాకర్తకు దురుద్దేశమును అంటగట్టుటకు ఆధారము లేదు. కాని ఉద్దేశము లేకున్నను నొప్పి యుండవచ్చును. గుర్తు మార్చినందున కథకు చిల్లిగవ్వ నష్టము రాలేదు. 2021లో కొరియాలో చిత్రము విడుదల కాగా జనులు విస్తారముగా వచ్చి చూచిరి. ఆక్షేపణను విని సవరించుకొన్నచో ప్రేక్షకుడు శత్రువు కాడనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇపుడు అసలు విషయమునకు వత్తుము. 2020లో చిత్రము వెల్లువగా నున్నపుడు జపానున 'కిమెహర' అను క్రొత్త మాట ప్రచారమునకు వచ్చినది. ఈ చిత్రమును చూడనివారిని, చూచి మెచ్చనివారిని చుట్టుపట్లవారు వేధించుటకు ఆ పేరు. ఇంకను చూడలేదా యని కార్యాలయమున దెప్పుట, నచ్చలేదన్నవానిని మనసు లేనివాడనుట దాని రీతులు. బలహీనుని కాపాడుటయే బలవంతుని ధర్మమని రెంగొకు చెప్పగా విని యేడ్చినవారు, శాల వెలుపల ఒంటరిగా భిన్నాభిప్రాయము చెప్పినవానిపై గుంపుగా పడుట యెంత వింత! వారా చిత్రమునుండి ఏమి నేర్చిరి?

జపానువారిని వేలెత్తి చూపుటకు మనకు ముఖము లేదు. తెలుగునాట ఈ జాడ్యము ముదిరియున్నది. ఒక నటుని చిత్రము బాగుండలేదన్నవాని కులమేదో, ఊరేదో ఆరా తీసి తిట్టుట మనకు నిత్యకృత్యము. మొదటి ఆట ముగియకముందే వసూళ్ల యంకెలు వీథికెక్కును. ఆ యంకెలే తీర్పని చాటుదురు. ఇపుడు ఆ యలవాటునే మన యువకులు అనిమే చిత్రములకును తెచ్చుచున్నారు. 'ఇన్ఫినిటీ కాసిల్' 155 నిమిషముల చిత్రము; మూడు చిత్రములలో మొదటిది. పోరు రసపట్టులో నుండగా పూర్వవృత్తాంతములు వచ్చి యడ్డుపడినవని ఒకడనును. అకజా పూర్వజన్మము వలె నున్న ఆ మానవజీవిత కథయే చిత్రమునకు ప్రాణమని మఱియొకడనును. ఇవి రెండును చక్కగా వాదింపదగిన పక్షములు. వాదించుకొనుటకు మాఱుగా, నీకు అనిమే తెలియదు, నోరు మూయుమనుటతో సంభాషణ ముగియుచున్నది. తొలిసారి చూచినవాని మాటకు విలువ లేదందురు. తొలిసారి చూచినవాడే గదా, చిత్రము తన కాళ్లపై తాను నిలిచినదో లేదో చెప్పగల సాక్షి! పరంపరనంతటిని కంఠస్థము చేసినవాడు ఆ యొక్క సంగతి చెప్పలేడు.

జాతీయతను వ్రతముగా బూనిన పత్రిక పరదేశపు బొమ్మలను వెనకేసికొని వచ్చుటేమని కొందఱు మిత్రులు అడుగవచ్చును. మా జాతీయత తలుపులు మూసికొనునది కాదు. పరుల కథ మన బిడ్డలకు తెలుగులో వినబడుట మంచిదే. అది మన భాష మోయగల బరువును పెంచును. మా కోరిక యొక్కటి: వినినవాడు తన యభిప్రాయమును తన భాషలో, తన బుద్ధితో చెప్పవలెను. రాయబారమున పద్యము తప్పిన నటుని ముందువరుసలోని ముసలిరైతు అక్కడికక్కడే సవరించిన దేశమిది. ఆ రైతు అభిమాని కాడా? అందఱికంటె పెద్ద అభిమాని. అభిమానము వలననే తప్పును సహింపలేకపోయెను. దేశాభిమానమునకును ఇదే గుఱుతు. తన దేశమున వేయిమంది మెచ్చినదానిని నేను మెచ్చననగల పౌరుడు దేశమునకు ద్రోహి కాడు, కాపరి.

కావున మేము చెప్పునది స్వల్పము. చిత్రవ్యాపారులు, ఇది ఏ కథకు తరువాయియో, ముందు ఏ భాగములు చూడవలెనో, టెలివిజనున వచ్చినదెంతో ప్రకటనపత్రములపై తెలుగున స్పష్టముగా ముద్రింపవలెను. తల్లిదండ్రులు పిల్లలను శాలకు పంపి యూరకుండక, ఒకమాఱు ప్రక్కన కూర్చుండి చూచి, నీకేది నచ్చినది, ఏల నచ్చినదని యడుగవలెను. జపానులోనే 12 ఏండ్లు నిండని బాలురకు పెద్దల సలహా వలయునను గుర్తుతో ఈ చిత్రములు విడుదలయినవని మఱువరాదు. యువకులు నచ్చినదనిన కారణము చెప్పవలెను, నచ్చలేదన్నవానిని కారణమడుగవలెను, కారణము విని, అతనిని మాట ముగింపనీయవలెను.

తంజిరో తీయని కలను నఱకుకొని మేల్కొన్నాడు. అందఱును మనవలెనే తలతురనుకొనుటయు నట్టి తీయని కలయే. దానినుండి ముందుగా మేల్కొనవలసినవారు, ఆ చిత్రమును చూచి కన్నీరు కార్చినవారే.